ఇద్దరం ఉంటున్న ఇంటికి నేనొక్కదాన్నే అద్దె కడుతున్నాను

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. ఉద్యోగం కోసం సముద్రతీరంలోని ఒక పెద్ద నగరానికి వచ్చి రెండేళ్లయింది. నేనూ, కాలేజీలో కలిసి చదువుకున్న స్నేహితురాలూ బీచ్‌కి దగ్గర్లో ఫ్లాట్ తీసుకున్నాం. చుట్టుపక్కలంతా మా ఈడువాళ్లే. ఆ ఏరియా మీద ఇష్టంతోనే అద్దె ఎక్కువైనా సరే అనుకున్నాం. అగ్రిమెంటు నా ఒక్కదాని పేరు మీదే ఉంది. 4 నెలల క్రితం ఆమె ఉద్యోగం పోయింది. అప్పట్నుంచి మొత్తం అద్దె నేనే కడుతున్నాను. జీతంలో సగానికి పైగా దానికే పోతోంది. కరెంటు బిల్లు మీద ‘నా వాటా వచ్చే వారం’ అని పెన్సిల్‌తో రాసి ఫ్రిజ్‌కి అంటించింది. ఆ కాగితం ఇంకా అక్కడే ఉంది. నేను పడుకున్నాక ఇంటికొస్తోంది, లేచేసరికి వెళ్లిపోతోంది. గోడలు చెమ్మెక్కి నల్లమచ్చలు వస్తున్నాయి, ఖాళీ చేసేటప్పుడు ఆ ఖర్చు అడ్వాన్సులో కోస్తానని ఓనరు అంటున్నాడు. అమ్మకి ఏదీ చెప్పలేదు. ‘సముద్రం పక్కన అంత అద్దె ఇల్లెందుకే’ అని మొదట్లోనే అంది. ఇల్లు మారితే స్నేహం పోతుందేమోనని భయం. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీరు రాసినదంతా చదివాక కూడా నా మనసు ఆ పెన్సిల్ రాత దగ్గరే ఉండిపోయింది. ఎగ్గొట్టాలనుకున్న మనిషి అలా రాసి, రోజూ మీ కళ్లబడే చోట అంటించదు. ఇవ్వాలనుంది, చేతిలో లేదు. ఆ మాట మీ ఎదురుగా నిలబడి అనలేకపోతోంది. ఉద్యోగం లేని పిల్లకి అంత పొద్దున్నే వెళ్లాల్సిన చోటేముంటుంది చెప్పండి? మీ మొహం చూడలేకే వెళ్తోందేమో. నా అంచనా తప్పే కావచ్చు. అడిగితే గానీ మీకూ నాకూ తెలియదు.

మీరు ఇల్లు మారాలా వద్దా అని అడిగారు. దానికంటే ముందు తేలాల్సింది ఒకటుంది. ఈ 4 నెలలూ మీరు కట్టిన ఆమె వాటా అప్పా, సాయమా? అప్పయితే ఆమెకి లెక్క తెలియాలి. సాయమయితే మీరు మనసులోంచి తీసెయ్యాలి. ఇప్పుడు ఆమెకి లెక్క తెలియదు, మీరేమో రాత్రిళ్లు పడుకుని లెక్కలు వేసుకుంటున్నారు. మీ ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయింది డబ్బు లేక కాదమ్మా, ఆ డబ్బు పేరెత్తకపోవడం వల్ల.

కాబట్టి మాట్లాడండి. అద్దె కట్టే రోజున వద్దు, ఆ రోజు మీ గొంతులో కోపం దాగదు. రాత్రి ఆమె తలుపు తీసుకుని లోపలికొచ్చే వేళా వద్దు. ఒక సెలవు రోజు ముందే చెప్పి బయటికి తీసుకెళ్లండి. సముద్రం అంత దగ్గర్లో ఉంది కదా, పక్కపక్కన నడుస్తూ మాట్లాడుకోండి. ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకోవాల్సిన పని లేకపోతే ఇలాంటి మాటలు కాస్త సులువుగా వస్తాయి. మొదటి మాట ఇలా ఉండొచ్చు: “నీ మీద కోపం లేదు. కానీ ఇంకో రెండు నెలల తర్వాత నేనూ కట్టలేను. అప్పటిదాకా మనమేం చేద్దాం?” ఆ తర్వాత మీరు ఆగండి. ఆమె ఏడిస్తే ఏడవనివ్వండి. “పర్లేదులే, నేను చూసుకుంటాలే” అని మాత్రం అనకండి. అలా అని అనే మీరు ఇక్కడిదాకా వచ్చారు.

ఇంటికొచ్చాక తేలిన సంగతులు కాగితం మీద పెట్టండి. ఇప్పటిదాకా ఆమె వాటా ఎంతయింది, ఉద్యోగం వచ్చాక నెలకి ఎంత తీరుస్తుంది, ఏ తారీకులోగా దొరక్కపోతే ఇల్లు వదులుకోవాలి. ఆ చివరి తారీకు తప్పకుండా ఉండాలి. స్నేహితుల మధ్య కాగితాలేమిటని మీకు అనిపిస్తుంది. అగ్రిమెంటు మీ పేరు మీదే ఉంది కాబట్టి ఓనరు అడిగేది మిమ్మల్నే. బకాయి పడితే మాట పడేదీ మీరే. ఆమె కాగితం మీద సంతకం పెట్టడమంటే ఆ బరువుకి తనూ ఒక చెయ్యి వేయడం. ఆమె అభిమానానికి కూడా అదే మంచిది. ఉచితంగా ఉంటున్నాననే బాధ కంటే బాకీ ఉన్నాననుకోవడం మనిషికి గౌరవంగా ఉంటుంది.

అద్దె ఆదాయంలో 30 శాతం దాటకూడదని సాధారణంగా ఒక లెక్క చెప్తారు. పెద్ద నగరాల్లో చాలామందికి అది కుదరదు, నిజమే. కానీ సగం దాటాక మీ దగ్గర ఒక జ్వరానికీ, ఒక ప్రయాణానికీ కూడా మిగలదు. మూడో మనిషిని చేర్చుకుందామనుకుంటే ముందు ఓనరుని అడగండి. చెప్పకుండా చేర్చుకుంటే ఖాళీ చేయించే హక్కు అతనికిచ్చే అగ్రిమెంట్లు చాలా ఉంటాయి. ఖాళీ చెయ్యాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలో కూడా ఇవాళే చూసుకోండి. అడ్వాన్సుని చివరి నెల అద్దెకి సరిపెట్టేద్దామనే ఆలోచన ఉంటే, అతను ఒప్పుకోకుండా ఆ పని చెయ్యొద్దు.

గోడల సంగతికొస్తే, అతను చెప్పిందల్లా ఒప్పేసుకోకండి. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఆ ఉప్పే నీటిని లాక్కుంటుంది. అందుకే అక్కడ కిటికీ బందులు తుప్పు పడతాయి, గోడ మీద ఉప్పు పేరుకున్న చోట తడి ఒక పట్టాన ఆరదు. దానికి అద్దెకున్నవాళ్లు బాధ్యులు కారు. అలాగని మీ వైపు తప్పేమీ లేదనీ అనను. బట్టలు లోపలే ఆరేసి కిటికీలు మూసేస్తుంటే నల్లమచ్చలు పెరుగుతాయి, స్నానాల గది ఆవిరి బయటికి పోకపోయినా అంతే. ఆ అలవాట్లుంటే మానండి. తారీకు కనపడేలా ఫొటోలు తీసి, గోడలు ఇలా ఉన్నాయి, బాగు చేయించండి అని ఓనరుకి ఇప్పుడే రాసి పంపండి. ఖాళీ చేసే రోజు చూపిస్తే అది మీ తప్పులాగే కనిపిస్తుంది. మీ ఇద్దరిలో ఎవరికైనా ఉబ్బసం ఉంటే మాత్రం ఆ గదిలో పడుకోకండి.

అమ్మకి చెప్పండి. డబ్బు అడగక్కర్లేదు. “నువ్వు అద్దె గురించి అన్నది నిజమేనమ్మా, కానీ అది కష్టంలో ఉంటే వదిలెయ్యలేకపోయాను” అనండి. ఆవిడ ఒకటి రెండు మాటలంటుంది, అననివ్వండి. మీరు నాలుగు నెలలు ఒంటరిగా మోసినదాంట్లో సగం ఆ ఫోన్‌లోనే దిగిపోతుంది.

ఇల్లు వదలాల్సి వచ్చినా స్నేహం కూడా పోతుందని నేననుకోను. వేరే వేరే ఇళ్లలో ఉంటూ సాయంత్రాలు అదే బీచ్‌లో కలుసుకోవచ్చు. ఇప్పుడైతే ఒకే ఇంట్లో ఉండి ఒకరినొకరు చూసుకోవడమే లేదు. ఈ సెలవు రోజున వెళ్లేటప్పుడు ఫ్రిజ్ మీది ఆ కాగితం తీసి మీ సంచీలో పెట్టుకోండి. మాటలు మొదలవ్వకపోతే దాన్ని ఆమె చేతికివ్వండి.