రేంజ్‌ల ఇంటర్‌సెక్ట్ దగ్గర క్రాష్: టైప్ తేడాయే కారణం
జీసీసీ కంపైలర్ కోడ్‌లో రెండు రేంజ్‌లని (విలువ ఉండగల హద్దులు) ఇంటర్‌సెక్ట్ చేస్తే, అంటే ఉమ్మడి భాగం తీస్తే, క్రాష్ అవుతోందని, అసెర్ట్ (షరతు తప్పితే ప్రోగ్రామ్‌ని ఆపేసే తనిఖీ) తీసేస్తే ఆగిందని అన్నారు కదండీ, ఆ అసెర్ట్‌ని మాత్రం వెంటనే తిరిగి పెట్టేయండి. లేకపోతే కంపైలర్ చప్పుడు చేయకుండా తప్పు కోడ్ ఇవ్వొచ్చు, అది ఇంకా ప్రమాదం.

మీరు 8 బిట్ల రేంజ్‌ని 32 బిట్ల రేంజ్‌తో నేరుగా ఇంటర్‌సెక్ట్ చేస్తున్నారు. జీసీసీలో రెండిటికీ ప్రెసిషన్ (బిట్ల సంఖ్య), సైన్ (రుణ విలువలు పట్టే సైన్డా, పట్టని అన్‌సైన్డా అన్నది) ఒకటే ఉండాలి. ముందు రేంజ్_కాస్ట్ అనే ఫంక్షన్‌తో చిన్నదాన్ని పెద్ద టైప్‌లోకి మార్చండి. అంచులు రెండూ విడిగా మార్చొద్దు: సైన్డ్ 8 బిట్లలో [-1, 5] అన్‌సైన్డ్ 8 బిట్లకి వెళితే [0, 5], [255, 255] అని రెండు ముక్కలవుతుంది. చేత్తో మారిస్తే [255, 5] వస్తుంది, అదసలు రేంజే కాదు.

పోలికల్లో ఫలితం బూలియన్ (నిజమా, కాదా అన్నది); ఆపరాండ్లని (పోల్చే విలువల్ని) ఆ టైప్‌లోకి మార్చకండి. షిఫ్ట్‌లో (బిట్లని పక్కకి జరపడంలో) రెండో ఆపరాండ్, అంటే ఎన్ని స్థానాలు జరపాలో చెప్పేదాని టైప్ వేరుగా ఉన్నా ఫర్వాలేదు, వదిలేయండి.