పిల్లాడి మడతమంచంతో బయల్దేరే ముందు

అమ్మడూ,

పెద్దమ్మ ఆశీస్సులు. డిసెంబర్‌కి టికెట్లు తీసుకున్నారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చుట్టూ వల ఉండే బుజ్జిగాడి మడతమంచం, అదే ఆ ప్యాక్ అండ్ ప్లే, డల్లాస్ నుంచి మోసుకురావాలా, ఇక్కడే ఏదో ఒకటి చూసుకోవాలా అని అడిగావట. తీసుకురా. నెల్లాళ్లూ ఒకే ఇంట్లో ఉండేట్టయితే వద్దనేదాన్ని, నేల మీద పరుపు వేసి సరిపెట్టేవాళ్లం. మీరేమో గుంటూరులో కొన్నాళ్లు, ఖమ్మంలో మీ అత్తగారింట్లో కొన్నాళ్లు, మధ్యలో రాజమండ్రి పెళ్లి. ఇల్లు మారినప్పుడల్లా వాడికి గది మారుతుంది, ఎత్తుకునే మనుషులు మారతారు, చివరికి ఫ్యాన్ చప్పుడు కూడా కొత్తే. పడుకునే చోటైనా అలవాటైనది ఉండాలి. మా మనవడితో ఇలా తిరిగినప్పుడు ఆ మంచం ఎంత ఆసరా అయిందో నాకు తెలుసు.

ముందు టికెట్ సంగతి చూసుకో. వాడికి జనవరి మొదట్లో రెండేళ్లు నిండుతాయి కదా. వచ్చేటప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకుని రావచ్చు గానీ, తిరుగు ప్రయాణానికి సీటు కొనాల్సిందే. రెండేళ్లు దాటాక ఒళ్లో టికెట్ చెల్లదు.

లగేజీ దగ్గర చాలామంది ఒకటి అనుకుని వెళ్తారు, కౌంటర్లో ఇంకోటి చెప్తారు. స్ట్రోలర్, కారు సీటు చాలా ఎయిర్‌లైన్స్ ఉచితంగానే తీసుకుంటాయి. మడతమంచం ఆ లెక్కలోకి వస్తుందా, పెట్టెల లెక్కలోకి వస్తుందా అన్నది ఒక్కొక్కరి దగ్గర ఒక్కోలా ఉంటుంది. ఫోన్లో ఎవరో సరే అన్నారని నమ్ముకోకు, మెయిల్ పెట్టి జవాబు తెప్పించుకుని ఫోన్లో దాచుకో. పెట్టెగా లెక్కేసినా భయం లేదు. మామూలు ప్యాక్ అండ్ ప్లే 9 నుంచి 11 కిలోలు, ప్రయాణాలకని తయారుచేసే తేలికరకం 6 కిలోల చుట్టూ ఉంటుంది. ఒక్కో పెట్టెకిచ్చే 23 కిలోల లెక్కలో ఇంకా చోటు మిగులుతుంది కాబట్టి అదే సంచిలో వాడి డైపర్లు, స్వెటర్లు కూరేయొచ్చు. కానీ దానితో వచ్చే పల్చటి సంచిని నమ్మొద్దు. బెల్టు మీద ఒక్క ఈడ్పుకి జిప్పు ఊడిపోతుంది. గట్టి డఫెల్ బ్యాగులో పెట్టు, కాళ్ల చివర్లకి వాడి పాత బట్టలు చుట్టు. కౌంటర్లో ఇచ్చేముందు విప్పి ఒకటి, మూసి ఒకటి ఫోటోలు తీసుకో.

దుప్పటి మాత్రం అందులో పెట్టకు. అది నీ చేతిసంచిలోనే ఉండాలి, అదీ ఉతక్కుండా. వాడికి మంచం గుర్తు కన్నా ఆ దుప్పటి వాసనే గుర్తు. ఒకవేళ మంచం ఒకరోజు ఆలస్యంగా వచ్చినా, ఆ దుప్పటి పరిస్తే ఎక్కడైనా పడుకుంటాడు.

దోహాలో విమానం మారేటప్పుడు మంచం మీ చేతికి రాదు, నేరుగా శంషాబాద్‌కే వస్తుంది. స్ట్రోలర్ దోహాలో ఇస్తారా, హైదరాబాద్‌లోనే ఇస్తారా అని డల్లాస్‌లో గేటు దగ్గరే అడుగు. దొరకదంటే వీపుకో పొట్టకో కట్టుకునే క్యారియర్ వెంట ఉంచుకో. డల్లాస్ నుంచి దోహాకి 14 గంటల పైమాటే. విమానంలో ఇచ్చే తొట్టి చంటిపిల్లలకి, మనవాడు అందులో పట్టడు. కాళ్ల దగ్గర ఖాళీలో పెట్టే గాలిదిండ్లు, పెట్టె విప్పితే మంచమయ్యేవి ఆన్‌లైన్లో కనిపిస్తాయి. కొన్ని ఎయిర్‌లైన్స్ ఒప్పుకుంటాయి, కొన్ని వద్దంటాయి. అడగకుండా కొనకు.

శంషాబాద్‌లో దిగాక పెట్టెలొచ్చే బెల్టు ఒక్కటే చూస్తూ కూర్చోకండి. పొడుగాటి సామాన్లు ఒక్కోసారి పక్కన వేరే చోట పెడతారు, అల్లుణ్ణి అటు పంపు. రాకపోయినా, విరిగినా బయటికి వచ్చేయకుండా అక్కడి డెస్కులోనే రిపోర్టు రాయించి కాపీ తీసుకోండి. పాడైతే 7 రోజుల్లోగా, ఆలస్యంగా అందితే అందిన దగ్గర్నుంచి 21 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలని విమాన ప్రయాణాల మీద దేశాలు చేసుకున్న మాంట్రియల్ ఒప్పందంలో ఉంది. అక్కణ్ణుంచి గుంటూరుకి కారులో ఐదు గంటలు. ఆ దారిలో మంచం కన్నా కారు సీటు ముఖ్యం, ఆరు నూరైనా దాన్ని వదిలి రాకు.

బయల్దేరే రెండు వారాల ముందు నుంచి వాణ్ణి ఆ మంచంలోనే పడుకోబెట్టు. మీ ఇద్దరూ కూడా విప్పడం, మడవడం అలవాటు చేసుకోండి. అందరూ తడబడేది ఒక్కచోటే: మంచం అడుగు మధ్యభాగాన్ని ముందే కిందకి నొక్కేస్తారు. మధ్యది పైకి లేపి ఉంచి, నాలుగు పక్కల కడ్డీలూ ఒక్కొక్కటే టక్ మనేదాకా లాగాలి. నాలుగూ బిగిశాకే మధ్యది కిందకి తొయ్యాలి. మడిచేటప్పుడు ముందు మధ్యది పైకి లాగి, తర్వాత కడ్డీల మీది బటన్లు నొక్కాలి. అర్ధరాత్రి పిల్లాడు ఏడుస్తుంటే ఇది నేర్చుకునే ఓపిక ఎవరికీ ఉండదు.

ఇక మన ఇళ్ల సంగతి. పరుపు పల్చగా ఉందని అమ్మమ్మలు, నానమ్మలు బొంతలు, దిండ్లు తెచ్చి కింద వేస్తారు. వేయనివ్వకు. ఆ మంచానికి దాంతో వచ్చిన పరుపే ఉండాలి. వేరేది వేస్తే అంచుకీ వలకీ మధ్య సందు పడుతుంది, పిల్లాడి మొహం అందులో ఇరుక్కునే ప్రమాదం ఉంది. "బిడ్డని వలలో పెట్టావేంటే" అని కూడా అంటారు. నొచ్చుకోకు, అది ప్రేమే. మీ అమ్మకి నేను చెప్తాను, మీ అత్తగారికి అల్లుడి చేత ముందే చెప్పించు.

మంచం వేసే గోడకి ప్లగ్గు ఉందేమో చూడు. మన ఇళ్లలో దోమలమందు మిషన్ కింది ప్లగ్గుకే పెడతారు, వాడి చెయ్యి అందుతుంది. పాలసీసా మంచంలో వదిలేయకు, తెల్లారేసరికి చీమలు బారులు కడతాయి. డల్లాస్‌లో రాత్రి 8 అయితే మనకి మర్నాడు ఉదయం 7.30, కాబట్టి మొదటి నాలుగైదు రోజులు అర్ధరాత్రి లేచి ఆడుకుంటాడు. లైటు వేయకుండా, కబుర్లు పెట్టకుండా పక్కనే కూర్చో. వాడు కడ్డీ మీద నుంచి కాలు వేయడం మొదలుపెడితే మాత్రం ఆ రోజుతో ఆ మంచం ఆపేసి నేల మీద పరుపే. మన గ్రానైట్ నేల మీద పడితే తల పగులుతుంది.

దోమల సంగతి నీకు చెప్పక్కర్లేదు. తెర మంచానికే తొడిగితే వాడు లోపలికి లాగేసుకుంటాడు, అందుకని మంచం మొత్తం లోపల పట్టేలా గొడుగులా విచ్చుకునే పెద్ద దోమతెర కొంటాను. పొడవు, వెడల్పు, ఎత్తు టేపుతో కొలిచి ఈ ఆదివారంలోగా వాట్సాప్ చెయ్యి.

మీ పెద్దమ్మ