నిన్నటిదాకా తోటి టీచర్లు, ఇకనుంచి మీ సెక్టారు: సూపర్‌వైజర్లకు ఇచ్చే లీడర్‌షిప్ ట్రైనింగ్ ఎంతవరకు పనికొస్తుంది?

మీరు అడిగింది ఇదీ: నెల్లూరు జిల్లాలో అంగన్‌వాడీ టీచరుగా చేస్తూ గ్రేడ్-2 సూపర్‌వైజరుగా ఎంపికయ్యారు. లీడర్‌షిప్, మేనేజ్‌మెంట్ ట్రైనింగ్‌కి పంపుతున్నారు. అది నిజంగా ఉపయోగపడుతుందా? నిన్నటిదాకా పక్కపక్కన కూర్చున్న టీచర్ల మీద రేపట్నుంచి పెత్తనం ఎట్టా చేసేది? మీ పాత సెంటరు మీ సెక్టారులోకే, అంటే మీరు చూసుకోవలసిన సెంటర్లలోకే వస్తే ఏం చేయాలి?

నేను కోవూరు వైపు, ఆ తర్వాత ఉదయగిరి మెట్టలో సూపర్‌వైజరుగా పనిచేశాను. రిటైరయ్యాక కూడా కొత్త సూపర్‌వైజర్ల ట్రైనింగుల్లో మాట్లాడమని పిలిస్తే వెళ్తుంటాను. రెండు వైపులా కూర్చున్నదాన్ని కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను. ట్రైనింగ్ పనికొస్తుంది, తప్పకుండా వెళ్లండి. కానీ అది మీ పనిలో సగానికే. కింద ఉన్నవాళ్లతో ఎలా మెలగాలో అక్కడ చెప్తారు. కిందివాళ్లకి కావలసింది పైనుంచి ఎలా తేవాలో చెప్పరు. సూపర్‌వైజరుకి సెక్టారులో విలువ వచ్చేది మాత్రం ఆ రెండో సగం వల్లే.

ముందు పెత్తనం సంగతి. మీకు ఇరవై, ఇరవై ఐదు సెంటర్లు ఇస్తారు. అక్కడి టీచర్లు, ఆయాలు గౌరవ వేతనం మీద పనిచేసేవాళ్లు, రెగ్యులర్ ఉద్యోగులు కాదు. ఇప్పుడు మీరు రెగ్యులర్. 1964 నాటి ప్రవర్తనా నియమావళి, 1991 నాటి సీసీఏ రూల్స్ (క్రమశిక్షణ చర్యల నియమాలు) మీకు వర్తిస్తాయి, వాళ్లకి కాదు. టీచరు మీద చర్య తీసుకునే అధికారం మీ చేతిలో లేదు. సీడీపీవోగారికి (మన ప్రాజెక్టు ఆఫీసరుకి) రిపోర్టు రాయగలరు, అంతవరకే. నియామకం, జీతం, సెంటరు అద్దె, సరుకులు, ఫోన్లు ఏవీ మీ సంతకంతో కదలవు. ఈ మాట మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. లేని అధికారం ఉన్నట్టు మాట్లాడే సూపర్‌వైజరు మాట రెండో నెల నుంచి ఎవరూ వినరు, అందుకని చెప్తున్నాను.

మరి మీ దగ్గర ఏముంది? సెంటరు లోపల కూర్చుని చూసేదీ, ప్రాజెక్టు ఆఫీసు మీటింగులో కూర్చుని మాట్లాడేదీ మీరొక్కరే. టీచరు పైదాకా వెళ్లలేదు, పై ఆఫీసరు నెలనెలా ప్రతి సెంటరుకీ రాలేరు. మీ బలమంతా అక్కడే ఉంది.

ట్రైనింగులో ఏం చెప్తారో ముందే చెప్పేస్తాను. మాస్లో త్రికోణం (మనిషి అవసరాల మెట్లు), జోహారీ విండో (మన గురించి మనకు, ఎదుటివాళ్లకు ఎంత తెలుసో చూపే పట్టిక), కాగితాలతో టవరు కట్టే ఆట దాదాపు ప్రతిచోటా ఉంటాయి. అందరూ సరదాగా చేస్తారు, కాస్త బెరుకు పోతుంది, మంచిదే. రెండు విషయాల దగ్గర మాత్రం పెన్ను తీసి రాసుకోండి.

ఒకటి హెర్సీ, బ్లాంచర్డ్ అనే ఇద్దరు చెప్పిన పద్ధతి. మనిషినిబట్టి కాదు, ఆ పని ఆ మనిషికి ఎంతవరకు వచ్చో దాన్నిబట్టి మన తీరు మారాలి అన్నది అందులో సారం. కొన్ని పనులు చెప్పి చేయించాలి, కొన్ని ఎందుకో వివరించి ఒప్పించాలి, కొన్నింట్లో పక్కన ఉంటే చాలు, కొన్ని పూర్తిగా వదిలేయాలి. మన సెంటర్లలో ఇది కళ్లకు కట్టినట్టు కనపడుతుంది. ఇరవై ఏళ్లుగా చేస్తున్న టీచరమ్మ పిల్లాణ్ణి చూడగానే చిక్కిపోయాడని చెప్పేస్తుంది, కానీ 2021లో పిల్లల వివరాలు ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చినప్పుడు ఆ ఫోన్ పట్టుకుని కన్నీళ్లు పెట్టుకుంది. కొత్తగా చేరిన డిగ్రీ అమ్మాయి యాప్ పని చిటికెలో ముగిస్తుంది, గ్రోత్ చార్టులో చుక్క ఎక్కడ పెట్టాలో తడబడుతుంది. ఇద్దరికీ ఒకే ఉపన్యాసం ఇస్తే ఇద్దరి కాలమూ వృథా. నేను అలాంటి ఇద్దరిని జత చేసి సెక్టారు మీటింగులో పక్కపక్కన కూర్చోబెట్టేదాన్ని.

రెండోది హెర్జ్‌బర్గ్ అనే ఆయన 1959లో చెప్పినది. జీతం, పని పరిస్థితులు, పైవాళ్ల తీరు బాగోకపోతే మనిషికి అసంతృప్తి పుడుతుంది. అవి సరిచేసినంత మాత్రాన ఉత్సాహం పుట్టదు, ఆ అసంతృప్తి మాత్రం తగ్గుతుంది. ఉత్సాహం వచ్చేది చేసిన పనికి గుర్తింపు వల్ల, ఆ పనిలోని తృప్తి వల్ల. ఇది తలకెక్కితే ఒక పని మానేస్తారు. సెంటరు అద్దె నెలల తరబడి రాక, ఇంటి ఓనరు రోజూ గుమ్మంలో నిలబడి అడుగుతున్న టీచరుకి సేవాభావం గురించి ప్రసంగం చేయరు. ముందు అద్దె సంగతి ఏమైందో కనుక్కుని చెప్తారు.

ఇక నేర్పని సగానికి వస్తాను, దీన్ని జాగ్రత్తగా చదవండి. సెక్టారు మీటింగులో ఒక టీచరు లేచి "మేడం, తూకం మిషన్ పాడైంది" అంటుంది. మీరు "సరే, చెప్తాను" అంటారు. ప్రాజెక్టు మీటింగులో నోటిమాటగా చెప్తారు. "చూద్దాం" అంటారు. వచ్చే నెల మళ్లీ అదే మాట. ఇలా మూడు నెలలు నడిస్తే ఆ టీచరు మిమ్మల్ని అడగడం మానేస్తుంది. అడగడం మానేశాక ఏం చేస్తుందో మీకూ తెలుసు, మీరూ ఆ కుర్చీలోంచే వచ్చారు. పోయిన నెల బరువుకి కొన్ని గ్రాములు కలిపి రాసేస్తుంది. యాప్‌లో అంతా పచ్చగా కనపడుతుంది, పిల్లాడు మాత్రం చిక్కిపోతూ ఉంటాడు. సామ్ పిల్లల్ని, అంటే తీవ్ర పోషకాహార లోపం ఉన్నవాళ్లని పట్టుకోవాలంటే మోచేతి పైభాగం చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గిందా అని టేపు పెట్టి కొలవాలి, బరువు నిజంగా తూచాలి. తప్పుడు బరువుల మీద ఏ పథకమూ నడవదు. నా దృష్టిలో సూపర్‌వైజరు నాయకత్వానికి అసలు పరీక్ష ఇదే. మీ సెక్టారులో రాసే బరువులు నిజమైనవేనా? టీచరు భయపడినా, నమ్మకం పోగొట్టుకున్నా అవి నిజమైనవి కావు.

కాబట్టి ఒక పేజీ రాయడం నేర్చుకోండి. ఏ ఏ సెంటర్లలో మిషన్ పాడైంది, ఎప్పటినుంచి, దానివల్ల ఐదేళ్లలోపు పిల్లలు ఎంతమందికి తూకం ఆగింది, వాళ్లలో ఇదివరకే తక్కువ బరువున్నవాళ్లు ఎంతమంది, మీరు ఈలోపు ఏం ఏర్పాటు చేశారు (పక్క సెంటరు మిషన్ ఏ రోజు ఎక్కడికి తిప్పుతున్నారు), మీకు కావలసింది ఏమిటి. ఇంతే, ఆవేదన వద్దు, విశేషణాలు వద్దు. ఆ కాగితాన్ని చేతికి ఇచ్చి రాకండి. ఆఫీసు తపాలులో, అంటే వచ్చిన కాగితాలు తీసుకునే సీటులో ఇచ్చి నంబరు వేయించుకోండి. మన ఆఫీసులు మద్రాసు ప్రెసిడెన్సీ కాలంనాటి టాటెన్‌హామ్ పద్ధతిలో, అంటే ప్రతి కాగితాన్నీ రిజిస్టర్లలో ఎక్కించే పద్ధతిలో పెరిగినవి. నంబరు పడిన కాగితం గుమాస్తా పర్సనల్ రిజిస్టరులో ఎక్కుతుంది. ఎక్కాక అది ఏదో ఒక విధంగా ముగియాలి, ఊరికే మాయం కాకూడదు. ఈ-ఆఫీసు వచ్చినా లోపలి లెక్క అదే. వచ్చే నెల మీటింగులో "ఫలానా తేదీ, ఫలానా నంబరు కాగితం ఏమైందండీ" అని మర్యాదగా అడగండి. గొంతు పెంచక్కర్లేదు. నోటిమాటకి ఉండని బరువు ఆ నంబరుకి ఉంటుంది.

అంతకంటే ముఖ్యం, వెనక్కి వచ్చి టీచర్లకు చెప్పండి. వచ్చింది, రాలేదు, ఇంకా టైము పడుతుంది, ఏదైనా సరే. "ఇంకా రాలేదమ్మా, ఫలానా రోజు మళ్లీ అడిగాను" అన్న మాటకి కూడా విలువ ఉంటుంది. చాలామంది సూపర్‌వైజర్లు మంచి కబురు వస్తేనే చెప్పాలనుకుంటారు. కింద ఉన్నవాళ్లు వినాలనుకునేది తమ మాట పైకి వెళ్లిందా లేదా అన్నది.

2021 నవంబరులో పెన్నా పొంగిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయి, హైవే కూడా తెగి, నెల్లూరుకీ కోవూరుకీ మధ్య రాకపోకలు ఆగిపోయాయి. ఏటి పక్క ఒక సెంటరులోకి నీళ్లు వచ్చి బియ్యం, పప్పు తడిసిపోయాయి. ఆ టీచరుకి ఇల్లు మునిగిన బాధకన్నా, సరుకుల రికవరీ తన మీద పెడతారేమోనన్న టెన్షనే ఎక్కువగా ఉంది. "నేను ఏడనుంచి కట్టేది మేడం" అని ఒకటే ఏడుపు. దారి తెరిచీ తెరవగానే వెళ్లాను. స్టాకు రిజిస్టరులో నిల్వ ఎంతో చూసి, తడిసిన మూటలు తూకం వేయించి, ఫొటోలు తీయించి, గ్రామ సచివాలయం వాళ్లనీ ఊళ్లో ఇద్దరు తల్లులనీ పిలిచి అక్కడే పంచనామా రాసి సంతకాలు పెట్టించాను. రిపోర్టు ఆ సాయంత్రమే పైకి పంపాను. ఆమె మీద ఒక్క రూపాయి పడలేదు. ఆ తర్వాత ఆ సెంటరులో ఏ చిన్న పొరపాటు జరిగినా ముందు నాకు ఫోన్ చేసి తనే చెప్పేది. అంతటి నిజాయితీ ఏ మెమో వల్లా రాదు.

ఇక తోటి టీచర్ల సంగతి. పిలుపులు మార్చుకోకండి. అక్కా అన్నవాళ్లని అక్కా అనే అనండి. వాళ్లు మిమ్మల్ని మేడం అన్నా, పేరు పెట్టి పిలిచినా పట్టించుకోవద్దు, కొన్నాళ్లకు అదే సర్దుకుంటుంది. మార్చుకోవలసింది డబ్బు వ్యవహారం. టీచర్లతో కలిసి వేసుకున్న చీటీలు, చేబదుళ్లు ఉంటే ఆర్డరు చేతికి రాకముందే తీర్చేసుకోండి. పాతికమంది ఆడవాళ్లున్న సెక్టారులో ఎవరికి ఎంత బాకీ అన్నది అందరికీ తెలుస్తుంది. మీరు బాకీ ఉన్న మనిషి సెంటరులో మీరు రాసే రిమార్కుని ఎవరూ నమ్మరు. మీకు బాగా దగ్గరైన స్నేహితురాలి సెంటరుకి మొదటి నెలలోనే, మిగతావాటికి వెళ్లినట్టే చెప్పకుండా వెళ్లండి. ఉన్నది ఉన్నట్టు విజిట్ బుక్కులో రాయండి. ఒకరోజు మొహం ముడుచుకుంటుంది. మిగతా సెక్టారు మొత్తానికి మీరెవరో అర్థమవుతుంది.

యూనియన్‌ని చూసి ముడుచుకుపోకండి. 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు జరిగిన అంగన్‌వాడీల సమ్మెలో మీరూ ఉండే ఉంటారు. అప్పుడు సూపర్‌వైజర్లు పైవాళ్లకీ కిందివాళ్లకీ మధ్య ఎంత నలిగారో దగ్గర నుంచి చూశాను. సమ్మె ముగిశాక మొదటి మీటింగు ఎలా నడపాలని ఒక సూపర్‌వైజరు అడిగితే, ఎజెండా పక్కన పెట్టి ముందు వాళ్లని మాట్లాడనివ్వమన్నాను. యూనియన్ నాయకురాలికి సెక్టారులో ఎవరికి ఏ బిల్లు ఆగిందో మీకన్నా బాగా తెలుస్తుంది. 2022లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీలు గ్రాట్యుటీకి అర్హులని చెప్పింది, దాని గురించి కూడా అడుగుతారు. తెలిసినంతవరకు చెప్పండి, మిగతాది కనుక్కుని చెప్తానని రాసుకోండి. కనుక్కోండి.

సెంటరుకి వెళ్లగానే రిజిస్టర్లు అడగకండి. పిల్లల మధ్య కాసేపు కూర్చోండి. ఒక విజిట్‌లో ఒకే విషయం చూడండి. కేంద్రం పోషకాహార కార్యక్రమమైన పోషణ్ అభియాన్‌లో 21 అంశాలు పెట్టి, నెలకొకటి చొప్పున సెక్టారు మీటింగులో నేర్పే పద్ధతి తెచ్చారు కదా, దాన్ని చాలాచోట్ల చదివి సంతకాలు పెట్టించి ముగిస్తున్నారు. ఆలోచన మాత్రం చాలా మంచిది. ఆ నెల అంశం ఆరు నెలలు నిండిన బిడ్డకి పైఆహారం అయితే, మీరు వెళ్లిన ప్రతి సెంటరులో టీచరుతో కలిసి అలాంటి ఒక్క ఇంటికి వెళ్లండి. ఆమె మాట్లాడుతుంటే వినండి. తప్పు చెప్పినా ఆ తల్లి ముందు దిద్దకండి, దారిలో నడుస్తూ చెప్పండి. ఆయా ముందు కూడా వద్దు.

ట్రైనింగుకి వెళ్లేటప్పుడు ఖాళీ చేతులతో వెళ్లకండి. మీ అనుభవంలోని రెండు చిక్కులు రాసి తీసుకెళ్లండి. ఉదాహరణకి, రోజూ ఆలస్యంగా వచ్చే టీచరు, ఊరి పెద్ద చుట్టం. ఆమెతో ఎలా మాట్లాడాలో అక్కడే ఒకరు టీచరుగా, మీరు సూపర్‌వైజరుగా నటించి చూపిస్తామని ట్రైనరుని అడగండి. మంచి ట్రైనర్లు సంతోషిస్తారు. ట్రైనింగు ఫలితాన్ని నాలుగు మెట్లుగా చూడాలని కిర్క్‌పాట్రిక్ అనే ఆయన చెప్పాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో మారారా, ఫలితం వచ్చిందా. మన దగ్గర చివరిరోజు ఫారం నింపించుకుని మొదటి మెట్టు దగ్గరే ఆపేస్తారు. మూడో మెట్టు మీరే చూసుకోవాలి. రెండు నెలల తర్వాత అదే బ్యాచ్‌లోని ఇద్దరు ముగ్గురితో ఫోన్‌లో మాట్లాడుకుని ఎవరు ఏం మార్చారో చెప్పుకోండి. ఫోన్‌లో ఐగాట్ కర్మయోగి (ప్రభుత్వ ఉద్యోగుల ఆన్‌లైన్ శిక్షణ) కోర్సులు చేయమంటే చేయండి, కానీ సర్టిఫికెట్ కోసం వీడియోలు పరుగెత్తించకండి. ఇంకో ట్రైనింగు కావాలనిపిస్తే మొహమాటపడొద్దు. కేంద్ర ప్రభుత్వ 2012 శిక్షణ విధానమే జీతాల బడ్జెట్‌లో కనీసం 2.5 శాతం శిక్షణకి కేటాయించాలంటోంది. రిపోర్టు రాయడం, ఆఫీసు పద్ధతుల మీద రెండు రోజులు కావాలని సీడీపీవోగారికి రాసివ్వండి. ఆ కాగితానికీ నంబరు వేయించుకోండి.

మీ పాత సెంటరు మీ సెక్టారులోకే వస్తే, పోస్టింగు ముందే వేరే సెక్టారు కోరుతూ దరఖాస్తు ఇవ్వండి, అది తప్పు కాదు. కుదరకపోతే చార్జి అప్పగించేటప్పుడు పక్క సెక్టారు సూపర్‌వైజరుని రమ్మని అడిగి, ఆమె ఎదుట సరుకులు, ఆట వస్తువులు, గిన్నెలు, తూకం మిషన్ లెక్కపెట్టించండి. కొత్త టీచరుతో, ఆమెతో సంతకాలు పెట్టించి ఒక కాపీ మీ దగ్గర, ఒకటి సెంటరులో, ఒకటి ప్రాజెక్టు ఆఫీసులో ఉంచండి. మొదటి ఆరు నెలలు ఆ సెంటరు స్టాకు తనిఖీ కూడా ఆ పక్క సూపర్‌వైజరుతోనే చేయించమని సీడీపీవోగారిని అడగండి. మీ బదులు వచ్చిన అమ్మాయికి కూడా అదే మంచిది.