పోలీసు కారు కొనేముందు గంటలు లెక్కపెట్టండి

(అమెరికాలో పోలీసు శాఖలు వాడి వేలంలో అమ్మేసే సెడాన్ల గురించి పాఠకులు అడిగినవాటికి ఈసారి జవాబులు. చివరి ప్రశ్న తప్ప మిగతావన్నీ ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా గురించే. ఖర్చులు అక్కడి మామూలు షెడ్డు లెక్కన, సుమారుగా చెప్పినవి. ఊరిని బట్టి మారతాయి.)

మా అబ్బాయి టెక్సస్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు. వేలంలో 2008 ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా పోలీసు కారు చూశానంటున్నాడు. 98,000 మైళ్లే తిరిగిందట. కొనమంటారా? (గుంటూరు నుంచి ఒక తండ్రి)

ఆ 98,000 అంకెను చూసి మురిసిపోవద్దని చెప్పండి. పోలీసు కారు తిరిగే సమయం తక్కువ, నిలబడి ఇంజను ఆడే సమయం ఎక్కువ. ఏసీ, రేడియో, పైన లైట్లు అన్నీ ఆ ఇంజను మీదే నడవాలి. అలా నిలబడి ఆడిన ఒక గంటను సుమారు 33 మైళ్ల ప్రయాణంగా లెక్కేసుకోమని ఫోర్డ్ కంపెనీయే చెప్పింది. చివరి ఏళ్ల మోడళ్లలో మైలేజీ కనపడే చోటే బటన్ నొక్కితే ఇంజను గంటలు వస్తాయి. ఆ మీటరు 7,000 గంటలు చూపిస్తే, ఊళ్లో సగటున గంటకు 30 మైళ్ల చొప్పున 98,000 మైళ్లకు పోయినవి 3,270 గంటలు. మిగతా 3,730 గంటలూ నిలబడి ఆడినవే. వాటిని 33తో హెచ్చిస్తే 1,23,000 మైళ్లు. అంటే ఆ ఇంజను నిజానికి 2,21,000 మైళ్ల వయసుది.

అయినా వద్దనను. ఆ 4.6 లీటర్ల వీ8 ఇంజను మొండిది. ఆయిల్ సరిగ్గా మార్చినది ఆ వయసు దాటి కూడా నడుస్తుంది. ఆయిల్ 5డబ్ల్యూ-20 రకం, ఫిల్టరుతో కలిపి 6 క్వార్ట్‌లు (క్వార్ట్ అంటే లీటరుకి కాస్త తక్కువ) పడుతుంది. ధర తేల్చుకునేటప్పుడు మాత్రం మైళ్లు చూడొద్దు, గంటలు చూడమనండి. కారు ధర కాక మరో 1,500 డాలర్లు చేతిలో లేకపోతే ఆ వేలం జోలికే పోవద్దు.

ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజను సిలిండర్లకు గాలి పంచే గొట్టాల దిమ్మ) పగిలిపోతుందని అందరూ భయపెడుతున్నారు. నిజమేనా? (డాలస్ పాఠకుడు)

సగం నిజం. 1996 నుంచి 2001 దాకా వచ్చిన కార్లలో మానిఫోల్డ్ ముందు భాగం, కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) దాటే దారితో సహా, ప్లాస్టిక్‌దే. వేడికి, చల్లదనానికి ఏళ్ల తరబడి సాగి ముడుచుకుని ఆల్టర్నేటర్ వెనకాల బీట ఇస్తుంది. కూలెంట్ కారి స్పార్క్ ప్లగ్గు గుంటల్లో నిలుస్తుంది. తర్వాత ఆ భాగాన్ని అల్యూమినియంతో చేశారు. మీరు చూసేది 2003 తర్వాతి కారైతే ఈ బెంగ అక్కర్లేదు. అక్కడ కారితే ముందు థర్మోస్టాట్ కింద రబ్బరు రింగు చూడండి, అది కొన్ని డాలర్ల పని. పాత కారుకి మొత్తం మానిఫోల్డే మార్చాల్సి వస్తే వస్తువు 200 నుంచి 350, కూలీతో కలిపి 700 నుంచి 1,000 డాలర్లు.

ఇంకోచోట కూడా చూడండి. ఆయిల్ ఫిల్టరు బిగించే అడాప్టర్ గ్యాస్కెట్ (కారకుండా మధ్యలో పెట్టే పొర) ఎండిపోయి ఆయిలో, కూలెంటో కారుతుంది. గ్యాస్కెట్ ఖరీదు లెక్కలోది కాదు, చెయ్యి పట్టని చోటు కాబట్టి కూలీయే 250 నుంచి 400.

ఇంజను లైటు వెలిగి, ఎక్కువ లోడ్ పడితే కుదుపు వస్తోంది. కోడ్ పీ0304. షెడ్డులో ఎనిమిది కాయిళ్లూ (స్పార్క్ ప్లగ్గులకు కరెంటు ఇచ్చేవి) మార్చాలంటున్నారు. (న్యూజెర్సీ)

ఆ కోడ్ చివరి అంకె సిలిండరు నంబరు. అంటే తప్పు 4లో ఉంది, ఎనిమిదింటిలో కాదు. ప్రయాణికుడి వైపు ముందు నుంచి వెనక్కి 1, 2, 3, 4. డ్రైవర్ వైపు 5 నుంచి 8. ఇంజను పూర్తిగా చల్లారాక 4వ కాయిల్ బోల్టు (7 మిల్లీమీటర్ల పానా) విప్పి, దాన్ని 3వ దానితో మార్చి బిగించండి. కోడ్ పీ0303కి మారితే కాయిల్ పోయినట్టు. మారకపోతే ప్లగ్గో, ఇంజెక్టరో. కాయిల్ పైకి లాగగానే గుంటలో టార్చి వేసి చూడండి: తడి ఉంటే కూలెంట్ కారుతోంది, కొత్త కాయిల్ వేసినా నెల తిరక్కుండా అదీ పోతుంది. చాలాసార్లు కాయిల్ బాగానే ఉంటుంది, కింది రబ్బరు తొడుగే చిట్లి నిప్పురవ్వ పక్కకు పోతుంటుంది. ప్లగ్గు విప్పేముందు గుంటలో గాలి కొట్టి ఇసుక ఊదేయడం మరవొద్దు. ఒక కాయిల్ 30 నుంచి 60 డాలర్లు.

2003కి ముందు ఇంజన్లలో కొన్నింటికి ప్లగ్గు పట్టే మరలు నాలుగే ఉంటాయి. వదులుగా బిగిస్తే ప్లగ్గు ఊడి ఎగిరిపోతుంది, అతిగా బిగిస్తే మర చెడుతుంది. అక్కడ టార్క్ రెంచి లేకుండా చెయ్యి పెట్టకండి.

45 మైళ్ల వేగంలో కారు గరుకు గీతల మీద పోతున్నట్టు వణుకుతోంది. గేర్‌బాక్సు పోయిందా? (ఆస్టిన్)

ఇంకా పోయుండదు. టార్క్ కన్వర్టర్ (ఇంజను శక్తిని గేర్‌బాక్సుకు అందించే భాగం) లాక్ అయ్యేచోట గేర్‌బాక్సు పాత ఆయిల్ పట్టు తప్పడం వల్ల ఆ వణుకు వస్తుంది. మెర్కాన్ 5 రకం గేర్‌బాక్సు ఆయిల్ పోయించి, ఫిల్టరు మార్చించండి, 150 నుంచి 250 డాలర్లవుతుంది. పాన్ (గేర్‌బాక్సు అడుగున ఆయిల్ నిలిచే పళ్లెం) విప్పితే 5 క్వార్ట్‌లే దిగుతాయి, మొత్తం పట్టేది దాదాపు 14. అందుకే వెయ్యి మైళ్లు తిరిగాక ఇంకోసారి మార్చడం మంచిది. పాన్‌లోని అయస్కాంతం మీద బూడిదరంగు మెత్తటి గుజ్జు ఉంటే అరుగుదల మామూలే. వేలికి గుచ్చుకునే లోహపు తునకలుంటే మాత్రం 2,000 నుంచి 3,500 డాలర్ల రీబిల్డ్ తప్పదు. రబ్బరు పూసిన అసలు పాన్ గ్యాస్కెట్ చెడిపోకపోతే దాన్నే మళ్లీ వాడుకోవచ్చు.

వెనక చక్రాల నుంచి హోరు వస్తోంది. (చికాగో)

ఈ కారులో వెనక ఇరుసు బేరింగు నేరుగా ఇరుసు మీదే తిరుగుతుంది, మధ్యలో లోపలి రింగు ఉండదు. అందుకే బేరింగు అరిగితే ఇరుసు కూడా అరుగుతుంది. బేరింగు, సీలు మార్చడం ఒక వైపుకు 200 నుంచి 300. ఇరుసు బయటికి తీశాక బేరింగు కూర్చునే చోట గోరు పెట్టి గీయమనండి. గోరు తట్టుకుంటే ఇరుసు కూడా మార్చాల్సిందే. లేదంటే కొత్త సీలు కూడా కారుతుంది.

మీ ఊళ్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి ఇంకో మాట. 2005 నుంచి 2011 దాకా వచ్చిన కార్లలో స్టీరింగ్ కింది షాఫ్ట్ తుప్పు పట్టడం మీద 2013లో రీకాల్ (లోపం సరిచేయడానికి కంపెనీ కార్లను వెనక్కి పిలవడం) వచ్చింది. కారు నంబరు (విన్) కొట్టి చూడండి, రీకాల్ మిగిలుంటే డీలరు ఉచితంగా చేస్తాడు.

రాత్రి నడుపుతుంటే హెడ్‌లైట్లు రెండూ ఒక్కసారే ఆరిపోతాయట కదా? (మిషిగన్)

లైటింగ్ కంట్రోల్ మాడ్యూల్‌లో (లైట్లను నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు) రిలే దగ్గర సోల్డరు వేడికి బీటలిస్తే అలా అవుతుంది. 2003 నుంచి వచ్చిన కార్లలో ఇది బాగా ఎరిగిన జబ్బే. బల్బులు మారుస్తూ డబ్బు పోగొట్టుకోకండి. అదే బోర్డుకి సోల్డరింగ్ చేయించుకుంటే 150 డాలర్ల లోపు తేలుతుంది, కొత్తది పెడితే అంతకు రెట్టింపు.

రెండు రోజులు నిలబెడితే బ్యాటరీ దిగిపోతోంది. (డాలస్)

అమ్మేముందు పోలీసు లైట్లు, రేడియో పీకేసేటప్పుడు తీగలు కత్తిరించి నల్ల టేపు చుట్టేసి వదిలేస్తారు. డిక్కీలో, డాష్ కింద వెతకండి. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, ఆ తీగకీ బ్యాటరీకీ మధ్య మల్టీమీటరు పెట్టి, తలుపులు మూసి 40 నిమిషాలు ఆగాక చూస్తే 50 మిల్లీయాంపులు దాటకూడదు. దాటితే ఫ్యూజులు ఒక్కొక్కటి లాగుతూ పోండి. ఏది లాగితే అంకె పడిపోతుందో తప్పు ఆ దారిలోనే. పైకప్పు మీద యాంటెన్నా పీకిన రంధ్రాలకు పెట్టిన రబ్బరు బిరడాలు కూడా ఓసారి నొక్కి చూడండి, నీళ్లు అక్కడి నుంచే దిగుతాయి.

డాడ్జ్ ఛార్జర్ పోలీసు కారు కొంటే మేలా? (అట్లాంటా)

పరుగులో మేలు, ఖర్చులో కాదు. దాని 5.7 లీటర్ల హెమీ ఇంజనుకి ప్లగ్గులే 16. ఉదయం టక్ టక్ మని, వేడెక్కాక ఆగిపోతే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ బోల్టు విరిగినట్టు. వేడెక్కినా ఆగకపోతే లిఫ్టర్, క్యామ్‌షాఫ్ట్ (వాల్వులు తెరిచే భాగాలు) అరిగినట్టు. దానికి ఇంజను హెడ్లు దించాలి, 3,000 నుంచి 5,000 డాలర్లు. వేలంలో చల్లటి ఇంజను స్టార్ట్ చేయించి, పావుగంట పక్కనే నిలబడి వినండి. ముందే వేడి చేసి ఉంచిన కారైతే బోల్టు శబ్దం మీకు వినపడదు.