రైడర్ కప్ మీద పందెం: ర్యాంకులు చూసి లెక్కేయొచ్చా?

మీరు అడిగింది రెండు సంగతులు. అమెరికా జట్టు నిండా టాప్ ర్యాంకర్లే కదా, రైడర్ కప్‌లో (అమెరికా, యూరప్ జట్ల మధ్య జరిగే గోల్ఫ్ పోటీ) కళ్లు మూసుకుని వాళ్ల మీద కాస్తే పోయేదేముంది అనేది ఒకటి. హైదరాబాద్‌లో కూర్చుని యాప్‌లో కాయడం కుదురుతుందా అనేది రెండోది. రెండోదానికి జవాబు ఒక్క ముక్కే: కుదరదు. ఎందుకో కింద చెబుతాను. మొదటిదే తీరిగ్గా మాట్లాడుకోవాల్సింది.

ప్రాజెక్ట్ పని మీద కొన్నేళ్లు ఇంగ్లండ్‌లో ఉన్నాను. అక్కడ బెట్టింగ్ చట్టబద్ధం, బజారుకో షాపు ఉంటుంది. రైడర్ కప్ వారం వచ్చిందంటే ఆఫీసులో టీ దగ్గర వేరే ముచ్చట ఉండదు. ఇప్పుడు వీలైన ఆదివారం గోల్కొండ కోర్సులో ఆడుతుంటాను, నా హ్యాండిక్యాప్ (ఆట స్థాయి చెప్పే అంకె) ఎంతని మాత్రం అడక్కండి.

గోల్ఫర్ ర్యాంకు ఎక్కువగా అన్ని దెబ్బలూ కలిపి లెక్కేసే 72 హోళ్ల టోర్నీల్లో, సొంత బంతి సొంతంగా ఆడి సంపాదించుకునేది. రైడర్ కప్‌లో ఆడేది 18 హోళ్ల మ్యాచ్ ప్లే. హోల్‌కి హోలే లెక్క: తక్కువ దెబ్బల్లో బంతిని గుంతలో వేసినవాడిదే ఆ హోల్. ఒక హోల్‌లో ఎనిమిది దెబ్బలు కొట్టినా పోయేది ఆ ఒక్క హోలే. ఇంత చిన్న ఆటలో నంబర్ వన్‌కీ ఇరవయ్యో ర్యాంకు వాడికీ మధ్య తేడా మీరనుకున్నంత ఉండదు.

పైగా మొత్తం 28 పాయింట్లలో (గెలిచిన మ్యాచ్‌కి ఒకటి, సమమైతే చెరో అర) 16 పాయింట్లు జోడీల ఆటలోంచే వస్తాయి: ఫోర్‌సమ్స్ ఎనిమిది, ఫోర్‌బాల్ ఎనిమిది. ఆదివారం సింగిల్స్ పన్నెండు. ఫోర్‌బాల్‌లో ఎవరి బంతి వారిదే, జోడీలో మంచి స్కోరు లెక్కకొస్తుంది. ఫోర్‌సమ్స్‌లో ఇద్దరికీ కలిపి ఒకటే బంతి, వంతులవారీగా కొట్టాలి. అసలు తిరకాసంతా ఇక్కడే ఉంది.

మేం నలుగురం అప్పుడప్పుడు సరదాకి ఫోర్‌సమ్స్ ఆడతాం. మాలో అందరికంటే బాగా ఆడే ఆయన అందులో అధ్వాన్నం. ఆయన ఫెయిర్‌వే (గడ్డి కత్తిరించిన దారి) మధ్యలో చక్కగా దించిన బంతిని నేను తీసుకెళ్లి కోట గోడ వైపు తుప్పల్లో పడేస్తాను. అక్కడికి మళ్లీ ఆయనే వెళ్లాలి. "సారీ అన్నా" అంటే, "సారీ తర్వాత చెప్పు, ముందు బంతి ఎక్కడుందో చూపించు" అంటాడు. వరసగా నాలుగైదు హోళ్లలో పట్ (బంతిని గుంతలోకి దొర్లించే దెబ్బ) కొట్టే వంతు ఆయనకు రాదు. తీరా వచ్చేసరికి చెయ్యి బిగుసుకుపోయి, రెండడుగుల పట్ కూడా అంచు దాకా వెళ్లి ఆగిపోతుంది.

ప్రపంచ నంబర్ వన్‌కీ ఇదే గతి. 2023లో రోమ్‌లో అమెరికాకి చెందిన షెఫ్లర్ (అప్పటి నంబర్ వన్), కెప్కా జోడీని యూరప్‌కి చెందిన హోవ్లాండ్, ఓబెర్గ్ ఫోర్‌సమ్స్‌లో 9 అండ్ 7తో ఓడించారు. అంటే ఇంకా ఏడు హోళ్లు మిగిలుండగానే తొమ్మిది హోళ్ల ఆధిక్యం. 2025లో న్యూయార్క్ దగ్గర బెత్‌పేజ్‌లో అదే షెఫ్లర్, అప్పటికీ నంబర్ వనే, మొదటి రెండు రోజుల్లో నాలుగు మ్యాచ్‌లు ఆడి నాలుగూ ఓడాడు. ఆదివారం సింగిల్స్‌లో సొంత బంతి చేతికొచ్చాక మాత్రం యూరప్ ఆటగాడు మెకిల్‌రాయ్‌ని ఓడించాడు.

ఆ బెత్‌పేజ్ కప్పులో ఆట మొదలవకముందు బుకీల ఫేవరెట్ అమెరికానే. దానికి ర్యాంకులు ఒక కారణమైతే సొంతగడ్డ ఇంకో కారణం. 2014, 2016, 2018, 2021, 2023, వరసగా అయిదుసార్లు ఆతిథ్య జట్టే గెలిచింది. అదేం గాల్లో మాట కాదు. రఫ్ (ఫెయిర్‌వే పక్కన పొడుగు గడ్డి) ఎంత పెంచాలి, ఫెయిర్‌వే ఎంత సన్నగా ఉంచాలి, ఉదయం ఫోర్‌సమ్స్ పెట్టాలా ఫోర్‌బాల్ పెట్టాలా, ఇవన్నీ ఆతిథ్య కెప్టెన్ చేతిలోవే. రోమ్‌లో యూరప్ కెప్టెన్ ల్యూక్ డొనాల్డ్ ఫోర్‌సమ్స్ ముందు పెట్టి మొదటి ఉదయమే 4-0 కొట్టేశాడు. అయినా బెత్‌పేజ్‌లో ఆ లెక్క తప్పింది. శనివారం చీకటిపడేసరికి యూరప్ 11.5-4.5తో ముందుంది, చివరికి 15-13తో గెలిచింది. అయిదుసార్లు జరిగింది కదా అని ఆరోసారి మీద ఇల్లు రాసివ్వకూడదు.

అసలు కొత్తవాళ్లకి తెలియని కిటుకు డ్రా. 14-14 అయితే కప్పు అంతకుముందు గెలిచిన జట్టు దగ్గరే ఉంటుంది. షాపులో మాత్రం "మ్యాచ్ ఫలితం" వేరు, "కప్పు ఎవరికి" వేరు. మొదటి దాంట్లో 14-14 వస్తే డ్రా మీద కాసినవాడికే డబ్బులు, యూరప్ మీద కాసినవాడికి సున్నా, యూరప్ కెప్టెన్ కప్పు ఎత్తి ఫొటోలు దిగుతున్నా సరే.

2012లో షికాగో దగ్గర మెడినాలో యూరప్ 10-6తో వెనకబడి ఆదివారం లేచింది. నాతో పనిచేసే ఒకాయన డ్రా మీద కాసిన స్లిప్ జేబులో పెట్టుకుని మా ఎదురుగా కూర్చున్నాడు. యూరప్ ఆటగాడు కైమర్ పట్ పడి యూరప్‌కి 14 వచ్చాయి, కప్పు ఖాయమైంది. ఇక మిగిలింది అమెరికా వుడ్స్, యూరప్ మొలినారి మ్యాచ్ ఒక్కటే. 18వ హోల్‌కి వుడ్స్ ఒక హోల్ ముందున్నాడు. అలాగే గెలిస్తే 14-14. మావాడు స్లిప్ తీసి టేబుల్ మీద పెట్టాడు. వుడ్స్ చిన్న పట్ వదిలేశాడు, ఎలాగూ కప్పు పోయింది కదా అని మొలినారి తన పట్ కొట్టనక్కర్లేదు, పడినట్టే లెక్క అని ఒప్పుకున్నాడు. మ్యాచ్ సమం, 14.5-13.5. మైదానంలో అది మర్యాద, మావాడికి మాత్రం నోట మాట రాలేదు. ఏ గణాంకంలోనూ ఇలాంటిది ముందే కనబడదు.

ఇక బుకీ వాటా. విడి మ్యాచ్‌కి ఒకడి మీద 2.10, డ్రాకి 7, రెండోవాడి మీద 2.30 రేటు ఇచ్చాడనుకోండి (ఊరికే ఉదాహరణకి; 2.10 అంటే వంద కాసి గెలిస్తే అసలుతో కలిపి 210). వందని ఒక్కో రేటుతో భాగించి కూడితే 105 పైచిలుకు వస్తుంది. నిజానికి మొత్తం వందే కావాలి, ఆ పైనున్న అయిదూ కొట్టువాడివి. టాప్ స్కోరర్ పందెం (ఎక్కువ పాయింట్లు తెచ్చేది ఎవరని) ఇంకా ఘోరం. ఎంత ఆడినా ఒకడికి అయిదు మ్యాచ్‌లే, కాబట్టి ఇద్దరు ముగ్గురు సమానంగా నిలవడం మామూలే. ముగ్గురు నిలిస్తే మీరు పెట్టిన వందలో మూడో వంతుకే రేటు కడతారు. పది రేటు చూసి వెయ్యి వస్తుందనుకుంటే చేతికొచ్చేది 333.

ప్రెసిడెంట్స్ కప్ (అమెరికాకీ, యూరప్ కాని మిగతా దేశాల జట్టుకీ మధ్య ఇలాంటి పోటీయే) గురించి ఎక్కువ అక్కర్లేదు. 1994 నుంచి 2024 దాకా అమెరికా ఓడింది 1998లో ఒక్కసారే, 2003లో సమం. ఫేవరెట్ రేటు అంత తక్కువలో ఉంటే గెలిచినా టీ ఖర్చులు రావు. మనవాళ్లకి గుర్తుండేది 2015. కొరియాలో మన అనిర్బన్ లాహిరి 18వ హోల్‌లో చిన్న పట్ తప్పి క్రిస్ కర్క్ చేతిలో ఓడాడు, జట్టు 15.5-14.5తో పోయింది. ఆ అర పాయింటు వచ్చుంటే 15-15. పాపం, ఆయన్ని తిట్టినవాళ్లలో ఎంతమంది ఒత్తిడిలో నాలుగడుగుల పట్ కొట్టారో!

ఇప్పుడు చట్టం. తెలంగాణలో 2017లోనే గేమింగ్ చట్టం సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటాన్ని నిషేధం కిందికి తెచ్చారు. 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం చేసింది. నడిపేవాళ్లకి మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. కేంద్ర చట్టంలో ఆడేవాడికి శిక్ష లేదు కదా అంటారు కొందరు. నిజమే, కానీ రాష్ట్ర చట్టం ఆడేవాడినీ వదలదు. మలక్‌పేట గుర్రప్పందేలు చూపించి వాదించకండి, వాటికి చట్టంలోనే మినహాయింపు ఉంది.

ఇంకో మాట. టెలిగ్రామ్‌లో పందేలు కాయడానికి "ఐడీ ఇస్తాం" అనేవాళ్లు డబ్బు వేయమని ఇచ్చే యూపీఐ పూటకొకటి మారుతుంది. అవన్నీ ఎవరెవరివో అద్దె ఖాతాలు. అందులో ఒకదాని మీద ఎక్కడో సైబర్ ఫిర్యాదు పడితే, దానికి డబ్బు పంపిన ఖాతాలూ స్తంభించిపోవచ్చు. కూకట్‌పల్లిలో నాకు తెలిసిన కుర్రాడికి జీతం ఖాతా అలాగే ఆగింది. ఈఎంఐ తేదీ దాటాక గానీ ఇంట్లో చెప్పలేదు. గెలిచిన డబ్బు సంగతి దేవుడెరుగు, వాళ్లు ఆ నంబరే మార్చేశారు.

మీకు లెక్క మీదే సరదా ఉంటే డబ్బు లేకుండా ఆడండి. మేం నలుగురం ప్రతి రోజు జోడీలు ప్రకటించగానే ఒక కాగితం మీద పాయింట్లు రాసుకుంటాం, డ్రాలతో సహా. బెత్‌పేజ్ సింగిల్స్ మనకి రాత్రి తొమ్మిదిన్నరకి మొదలై తెల్లవారుజాము దాకా సాగాయి, అంతసేపూ నిద్ర ఆపింది ఆ కాగితమే. 2026లో ప్రెసిడెంట్స్ కప్ మెడినాలో, 2027లో రైడర్ కప్ ఐర్లాండ్‌లోని అడేర్ మేనర్‌లో. అడేర్ మేనర్‌కి మీ లెక్క వేసేటప్పుడు ర్యాంకుల పట్టిక పక్కన పెట్టి, మొదటి ఉదయం ఫోర్‌సమ్సా ఫోర్‌బాలా అన్నది ముందు చూడండి.