అమ్మానాన్నలు అమెరికా వస్తున్నారా? గుండె నొప్పి, 911, ఆ తర్వాత వచ్చే బిల్లులు

ప్రశ్న: వచ్చే నెల అమ్మానాన్నలు విజయవాడ నుంచి డాలస్ వస్తున్నారు. నాన్నగారికి కొన్నేళ్ళ క్రితం స్టెంట్ వేశారు, షుగర్ కూడా ఉంది. ఇక్కడ ఏదైనా తేడా వస్తే ఎక్కడికి తీసుకెళ్ళాలి? అంబులెన్స్ పిలిస్తే వేల డాలర్ల బిల్లు వస్తుందంటున్నారు. నేనే కారులో తీసుకెళ్ళిపోతే సరిపోదా?

జవాబు: ఆఖరి ప్రశ్నకి ముందు చెప్పేస్తాను. కారులో తీసుకెళ్ళకండి. 911కి ఫోన్ చెయ్యండి. మిగతావన్నీ తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

మనం పెరిగిన పద్ధతి వేరు. తెనాలిలోనో నూజివీడులోనో అర్ధరాత్రి నొప్పి వస్తే, పక్కింటివాళ్ళ కారు అడిగి బెజవాడకో గుంటూరుకో పరుగెత్తడమే చూశాం. 2005లో 108 వచ్చాక ఆ తీరు చాలా మారింది. అయినా ‘అది వచ్చేలోపు మనమే వెళ్ళిపోవచ్చు’ అనే ఆలోచన మాత్రం మనలో పోలేదు. అమెరికాలో వైద్యం మీ హాల్లోనే మొదలవుతుంది. అంబులెన్స్‌లో వచ్చే పారామెడిక్ అక్కడికక్కడే ఈసీజీ తీస్తాడు. గుండెకి రక్తం తీసుకెళ్ళే నాళం మూసుకుపోయినట్టు కనిపిస్తే దారిలోనే హాస్పిటల్‌కి చెప్పేస్తాడు. స్టెంట్ వేసే క్యాథ్ ల్యాబ్ మనుషులు అప్పుడే సిద్ధమవుతారు. వైద్య సిబ్బంది పేషెంట్‌ని చూసినప్పటి నుంచి 90 నిమిషాల్లోపు ఆ నాళం తెరవాలన్నది ఇక్కడి లక్ష్యం. మీరు కారులో వెళ్తే ఆ గడియారం హాస్పిటల్ గుమ్మం దగ్గరే మొదలవుతుంది. దారిలో నాన్నగారి గుండె ఆగితే, స్టీరింగ్ పట్టుకున్న మీరు చెయ్యగలిగింది ఏమీ ఉండదు.

మన ఇళ్ళల్లో టైమ్ ఎక్కడ పోతుందో నాకు తెలుసు. ముందు ‘గ్యాస్ పట్టేసింది’ అంటారు. వాము నీళ్ళు, ఈనో, కాసేపు అటూ ఇటూ నడక. తర్వాత ఇండియాలో డాక్టరు చదివిన బావగారికి వాట్సాప్ కాల్. ఆయన ‘వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి’ అంటాడు, అంతకంటే ఏమంటాడు పాపం? ఆ తర్వాత అసలు చర్చ మొదలవుతుంది: ఇన్సూరెన్స్ ఇస్తుందా, ఇవ్వదా. ఈలోపు నాన్నగారు ‘నాకేం కాలేదు, మీరు కంగారు పడకండి, పొద్దున చూద్దాం’ అంటుంటారు. పిల్లలకి ఖర్చు పెట్టించకూడదని తండ్రి చెప్పే ఆ మాటని డాక్టరు సలహాగా తీసుకోకండి.

ఛాతీలో బరువుగా నొక్కినట్టు ఉండటం, ఎడమ చెయ్యి, దవడ, వీపు లాగడం, చల్లటి చెమటలు, ఆయాసం, ఉన్నట్టుండి నీరసం: వీటిలో ఏది వచ్చి ఐదు నిమిషాలైనా తగ్గకపోతే ఫోన్ తియ్యండి. షుగర్ ఉన్నవాళ్ళకి, ఆడవాళ్ళకి నొప్పి లేకుండానే హార్ట్ ఎటాక్ రావచ్చు. ఒట్టి ఆయాసం, వాంతి, చెమటలు మాత్రమే ఉంటాయి. అమ్మ ‘ఏదోలా ఉందిరా’ అంటే అది కూడా లెక్కలోకి తీసుకోవాల్సిన మాటే.

911 వాళ్ళు మొదట అడిగేది అడ్రస్. అపార్ట్‌మెంట్ అయితే బిల్డింగ్ నంబరు, గేట్ కోడ్ కూడా చెప్పాలి. వాళ్ళు చెప్పేదాకా ఫోన్ పెట్టెయ్యకండి. ఇంకొక సంగతి, ఇది చాలామందికి తెలియదు: ఫోన్‌లో వైఫై కాలింగ్ పెట్టుకున్నప్పుడు ఒక ఎమర్జెన్సీ అడ్రస్ ఇస్తాం. ఇల్లు మారాక దాన్ని మార్చకపోతే అంబులెన్స్ పాత ఇంటికి వెళ్ళే ప్రమాదం ఉంది. ఈ రోజే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి చూసుకోండి. ఇక పగలు మీరిద్దరూ ఆఫీసుకి వెళ్తే ఇంట్లో ఉండేది పెద్దవాళ్ళే. వాళ్ళకి ఇంగ్లీషు రాకపోయినా 911 నొక్కడం నేర్పండి. ‘తెలుగు’ అని చెప్పి లైన్‌లో ఉంటే చాలాచోట్ల ఆపరేటర్లు ఫోన్‌లోనే దుబాసీని కలుపుతారు. అడ్రస్ పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్‌కి అంటించండి. ఎలాగూ రోజుకి పదిసార్లు ఆ తలుపు తీస్తారు.

ఫోన్ చేశాక ఆపరేటర్ ఆస్పిరిన్ నమలమని చెప్పవచ్చు. ఇక్కడ దొరికే 81 మిల్లీగ్రాముల బిళ్ళలైతే నాలుగు, నమిలి మింగాలి. మన దగ్గర దొరికే ఆస్పిరిన్, ఎకోస్ప్రిన్ మీద కోటింగ్ ఉంటుంది కాబట్టి మింగేస్తే ఆలస్యంగా పనిచేస్తుంది, దాన్ని కూడా నమలాల్సిందే. ఆస్పిరిన్ పడనివాళ్ళు, కడుపులో రక్తస్రావం అయినవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి. ఇంట్లో నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ ఉందని తొందరపడి ఇచ్చెయ్యకండి. బీపీ బాగా పడిపోయి ఉంటే అది ఇంకా పడగొడుతుంది. వయాగ్రా లాంటి మందు వేసుకున్నవాళ్ళకి మరీ ప్రమాదం. కొడుకుగా ఆ ప్రశ్న నాన్నని అడగడం కష్టమే. పారామెడిక్ అడుగుతాడు, అప్పుడు మీరు కాసేపు పక్కకి వెళ్ళండి.

పక్షవాతం సంగతి వేరు. మూతి వంకరపోవడం, ఒక చెయ్యి లేవకపోవడం, మాట తడబడటం కనిపిస్తే ఆస్పిరిన్ అసలు ఇవ్వకూడదు. మెదడులో రక్తం గడ్డకట్టి అడ్డుపడిందో, నరం చిట్లిందో సీటీ స్కాన్ తీస్తేగానీ తెలియదు. గడ్డని కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. అందుకే ‘ఆఖరిసారి మామూలుగా ఉన్నది ఎప్పుడు?’ అని పదేపదే అడుగుతారు. లేచేసరికే అలా ఉంటే, పడుకున్న టైమ్ చెప్పాలి.

అంబులెన్స్‌తోపాటు ఎర్రటి ఫైర్ ఇంజన్ కూడా వస్తే కంగారు పడకండి, చాలా ఊళ్ళల్లో అదే పద్ధతి. బూట్లతోనే హాల్లోకి వచ్చేస్తారు, అమ్మ మొహం చిట్లించినా సరే. నేను దగ్గరుండి చూసిన ఒక ఇంట్లో జరిగింది చెబుతాను. పెద్దాయన సోఫాలో కూర్చుని ఉన్నారు. ఒకతను ఛాతీ మీద రేజర్‌తో నాలుగుచోట్ల వెంట్రుకలు గీసి ఈసీజీ స్టిక్కర్లు అంటిస్తున్నాడు. ఇంకొకతను మందులేమిటని అడిగాడు. పెద్దావిడ లోపలికి వెళ్ళి బట్టల షాపు క్యారీ బ్యాగు తెచ్చి టీపాయ్ మీద బోర్లించింది. అన్నీ స్ట్రిప్పులే. మెడికల్ షాపువాళ్ళు కత్తెరతో కత్తిరించి ఇచ్చిన ముక్కలు, సగంవాటి మీద పేరే లేదు. ఒకదాని మీద ‘బిపి’ అని బాల్‌పెన్నుతో రాసి ఉంది. ఆ పారామెడిక్ ఒక్కో ముక్కనీ లైటు వైపు ఎత్తి చదవడానికి చూస్తున్నాడు.

మీ ఇంట్లో అలా జరగకూడదంటే నాన్నగారు విమానం ఎక్కకముందే ఒక కాగితం తయారు చెయ్యండి. మన బ్రాండ్ పేర్లు ఇక్కడివాళ్ళకి తెలియవు. ఎకోస్ప్రిన్ అని కాదు, ఆస్పిరిన్ 75 అని రాయాలి. క్లోపిడోగ్రెల్, అటార్వాస్టాటిన్, టెల్మిసార్టాన్, మెట్‌ఫార్మిన్, ఇలా అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట. మొత్తం ఇంగ్లీషులో రాయించండి. గుండె వాల్వు మార్చినవాళ్ళు కొందరు మన దగ్గర రక్తం గడ్డకట్టకుండా ఎసిట్రామ్ వాడతారు. అందులో ఉండే ఎసినోకౌమరాల్ అమెరికాలో అమ్మరు, ఇక్కడ వాడేది వార్ఫరిన్. కాబట్టి ఆ మందు వాడేవాళ్ళు ఉన్నన్నాళ్ళకీ సరిపడా తెచ్చుకోవాలి, డాక్టరు చీటీతో సహా. స్టెంట్ వేసినప్పుడు ఇచ్చిన కార్డు, డిశ్చార్జ్ సమ్మరీ, ఆఖరి ఈసీజీ ఫోటోలు తీసి మీ ఫోన్‌లో పెట్టుకోండి. పాత ఈసీజీ ఉంటే, కనిపించిన మార్పు కొత్తదో పాతదో డాక్టరుకి తేలిగ్గా తెలుస్తుంది.

ప్రయాణం కూడా తక్కువదేం కాదు. అన్ని గంటలు కదలకుండా కూర్చుంటే కాలి నరాల్లో రక్తం గడ్డకట్టవచ్చు. అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం మీదకి వస్తుంది. గంటకోసారి లేచి నడవమనండి. బాత్రూమ్‌కి లేవాల్సొస్తుందని నీళ్ళు తాగడం మానేస్తారు మనవాళ్ళు, అది వద్దనండి. దిగిన తర్వాత కొన్ని వారాల దాకా ఒక పిక్క మాత్రమే వాచినా, నొప్పి పుట్టినా డాక్టరుకి చూపించాలి. ఉన్నట్టుండి ఆయాసం వస్తే మళ్ళీ 911.

‘ఎక్కడికి తీసుకెళ్ళాలి’ అన్నారు కదా, మన డాలస్ చుట్టుపక్కల ఇదొక తికమక. మూలమూలకీ అర్జెంట్ కేర్లు, అంటే జ్వరం, చిన్న దెబ్బల్లాంటివి చూసే క్లినిక్కులు ఉన్నాయి. వాటి పక్కనే హాస్పిటల్ లేకుండా విడిగా ఉండే ఎమర్జెన్సీ రూములు టెక్సస్‌లో బోలెడు. అర్జెంట్ కేర్‌కి ఛాతీ నొప్పితో వెళ్తే వాళ్ళే 911కి ఫోన్ చేస్తారు. విడిగా ఉన్న ఎమర్జెన్సీ రూములో ఈసీజీ, రక్తపరీక్ష అయితే చేస్తారుగానీ స్టెంట్ వెయ్యడానికి మళ్ళీ అంబులెన్స్‌లో ఇంకోచోటికి పంపాలి. బిల్లు మాత్రం రెండుచోట్లా పడుతుంది. క్యాథ్ ల్యాబ్ ఎక్కడుందో అంబులెన్స్‌వాళ్ళకి తెలుసు, ఆ నిర్ణయం వాళ్ళకి వదిలెయ్యండి.

హాస్పిటల్లో ముందు డిపాజిట్ కట్టమంటారేమో అనే భయం పెట్టుకోకండి. 1986లో వచ్చిన ఎమ్‌టాలా చట్టం ప్రకారం ఎమర్జెన్సీకి వచ్చినవాళ్ళని ఎవరైనా సరే పరీక్ష చేసి, ప్రాణాపాయం తప్పేలా వైద్యం చెయ్యాల్సిందే. వీసా ఏమిటి, ఇన్సూరెన్స్ ఉందా అనేవి వైద్యానికి అడ్డు రాకూడదు. కార్డు అడుగుతారు, దానికోసం వైద్యం ఆపకూడదు. దుబాసీని కూడా ఉచితంగా ఇవ్వాలి. ఫోన్‌లోనో వీడియోలోనో తెలుగు మాట్లాడేవాళ్ళు వస్తారు. మీకు ఇంగ్లీషు బాగా వచ్చినా దుబాసీనే అడగండి. కొడుకు ముందు చెప్పని సంగతులు నాన్న బయటివాళ్ళకి చెబుతారు, సిగరెట్టు సంగతితో సహా. మొదటి రక్తపరీక్ష బాగుందన్నా కొన్ని గంటలు ఉంచుతారు. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో ట్రోపోనిన్ అనే ప్రోటీన్ పెరగడానికి టైమ్ పడుతుంది కాబట్టి మళ్ళీ చూస్తారు. ‘బాగానే ఉందిగా’ అని సంతకం పెట్టి తీసుకొచ్చెయ్యకండి.

ఇప్పుడు డబ్బు సంగతి. మీరు విన్నది అబద్ధం కాదు. అంబులెన్స్ బిల్లు వేల డాలర్లలో రావచ్చు, స్టెంట్ వేస్తే హాస్పిటల్ బిల్లు లక్ష కూడా దాటవచ్చు. అందుకే విజిటర్ ఇన్సూరెన్స్ నాన్నగారు బయల్దేరకముందే కొనండి, కానీ చవగ్గా ఉందని ఏదో ఒకటి కొనెయ్యకండి. ఫిక్స్‌డ్ ప్లాన్‌లు ఒక్కో వైద్యానికి ఇంత అని కొద్ది మొత్తం ఇచ్చి చేతులు దులుపుకుంటాయి. కాంప్రిహెన్సివ్ ప్లాన్ తీసుకోండి. పాలసీ కాగితంలో ‘ఎక్యూట్ ఆన్‌సెట్ ఆఫ్ ప్రీ-ఎగ్జిస్టింగ్ కండిషన్స్’ అన్న భాగం మాత్రం అక్షరం వదలకుండా చదవండి. పాత గుండెజబ్బు ఉన్నట్టుండి తిరగబెడితే ఎంతవరకు ఇస్తారో అక్కడే ఉంటుంది. వయసుని బట్టి ఆ మొత్తం తగ్గిపోతుంది, 70 దాటితే ఇంకా తగ్గుతుంది. చాలా పాలసీల్లో లక్షణం మొదలైన 24 గంటల్లోపు వైద్యం మొదలవ్వాలనే షరతు ఉంటుంది. పొద్దున చూద్దాం, ఎల్లుండి చూద్దాం అంటూ కూర్చుంటే డబ్బులు మిగలవు సరికదా, వచ్చేవి కూడా పోతాయి.

బిల్లు ఒకటి కాదు, చాలా వస్తాయి. హాస్పిటల్‌ది వేరు, ఎమర్జెన్సీ డాక్టరుది వేరు, గుండె డాక్టరుది వేరు, ఎక్స్‌రే చదివినాయనది వేరు. వచ్చిన మొదటి కాగితం చూసి కట్టెయ్యకండి. దేనికెంతో విడివిడిగా చూపించే ఐటమైజ్డ్ బిల్లు అడిగి తీసుకోండి, ఇన్సూరెన్స్‌కి క్లెయిమ్ వెళ్ళిందో లేదో కనుక్కోండి. లాభాపేక్ష లేని హాస్పిటళ్ళన్నీ చట్టం ప్రకారం ఆర్థిక సాయం పథకం పెట్టాలి. డిశ్చార్జ్ తర్వాత మొదటి బిల్లు వచ్చినప్పటి నుంచి 240 రోజుల దాకా దరఖాస్తు పెట్టుకోవచ్చు. కొన్నిచోట్ల స్థానికులకే ఇస్తామంటారు, అయినా అడగండి. సొంతంగా కట్టేవాళ్ళకి తగ్గింపు, వడ్డీ లేని వాయిదాలు చాలాచోట్ల దొరుకుతాయి. మొత్తం క్రెడిట్ కార్డు మీద గీకేస్తే ఇంక బేరానికి దారి ఉండదు, అది మామూలు అప్పు అయిపోతుంది. అనుకోని బిల్లుల నుంచి కాపాడటానికి 2022 నుంచి ఉన్న నో సర్‌ప్రైజెస్ చట్టం మీ కంపెనీ ఇన్సూరెన్స్‌కి పనికొస్తుందిగానీ విజిటర్ పాలసీలకి వర్తిస్తుందని అనుకోకండి. రోడ్డు మీద నడిచే అంబులెన్స్ బిల్లు ఆ చట్టంలో లేనే లేదు.

ఇదంతా నాన్నగారి గురించే అనుకోకండి. దక్షిణాసియా మూలం ఉండటాన్నే గుండెజబ్బు ముప్పుని పెంచే విషయంగా అమెరికా డాక్టర్ల 2018 కొలెస్ట్రాల్ మార్గదర్శకాలు లెక్కవేశాయి. గుండెపోటు వచ్చి నటుడు తారకరత్న పోయినప్పుడు ఆయన వయసు నలభై లోపే. మీ వార్షిక పరీక్షలో వంశపారంపర్యంగా వచ్చే కొలెస్ట్రాల్ రకం లైపోప్రోటీన్ (ఎ) పరీక్ష ఒక్కసారైనా చేయించమని అడగండి. వారాంతం బ్యాడ్మింటన్ ఆడే చోట, గుడిలో ఏఈడీ పెట్టె (ఆగిన గుండెకి షాక్ ఇచ్చే యంత్రం) ఎక్కడుందో చూసి పెట్టుకోండి. ఎవరైనా కుప్పకూలి, పిలిస్తే పలక్కుండా, ఊపిరి సరిగ్గా లేకపోతే 911కి చెప్పి, ఛాతీ మధ్యలో రెండు అంగుళాల లోతుకి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కాలి. పక్కటెముక విరుగుతుందేమోనని ఆగకండి. పెట్టె తెరిస్తే ఏం చెయ్యాలో అదే చెబుతుంది.

ఆఖరిగా, స్టెంట్ వేయించుకోవాల్సి వచ్చి తిరుగు ప్రయాణం ఆలస్యమైతే, ఐ-94లో (అమెరికాలో ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పే రికార్డు) ఉన్న తేదీ దాటకముందే ఐ-539 ఫారం పెట్టి గడువు పొడిగించమని అడగాలి. గుండె డాక్టరు దగ్గర రెండు ఉత్తరాలు తీసుకోండి. ఇప్పుడే ప్రయాణం ఎందుకు చెయ్యకూడదో చెప్పేది ఒకటి, కోలుకున్నాక విమానం ఎక్కవచ్చని ఎయిర్‌లైన్‌కి చూపించేది ఇంకొకటి.