పెరడంతా ఒకేసారి కొట్టించకు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

పెరట్లో పిచ్చిమొక్కలన్నీ ఒక్కరోజులో కొట్టించేస్తానన్నావు. అలా చెయ్యకు. లాంటానా అనే ముళ్లపొద పరాయి దేశందే అయినా దాని గుబుర్లలో పిగిలిపిట్టలు గూళ్లు కట్టుకుంటాయి. ముందు మూడో వంతు తీయి, అక్కడ నాటినవి గుబురెక్కాక మిగతాది. గూట్లో గుడ్లుంటే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ పొద ముట్టుకోవద్దు.

లాంటానాను నేలమట్టానికి నరికితే మొదట్లోంచి ఇంకా ఒత్తుగా చిగురిస్తుంది. మొదలు చుట్టూ మట్టి తవ్వి, కాండం వేరుగా మారే చోటికి 3 నుంచి 5 సెంటీమీటర్ల కింద తల్లివేరు తెంపాలి. పెకలించిన పొదను వేళ్లు పైకి ఉండేలా తిరగేసి ఎండబెట్టు. వేరు తడిమట్టికి ఆనిందా, మళ్లీ నాటుకుంటుంది. ఇదంతా కాయలు పండకముందే జరగాలి, పండితే పిట్టలు తిని గింజల్ని ఊరంతా చల్లేస్తాయి.

వయ్యారిభామను పూత రాకముందే, వాన పడి నేల మెత్తబడ్డప్పుడు వేరుతో సహా పీకు. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. చేతొడుగులు, నిండు చేతుల చొక్కా, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. ఒంటికి తగిలితే దద్దుర్లు, పుప్పొడి పీలిస్తే ఆయాసం. పూసిన మొక్క ఎరువుకుప్పలోకి పోకూడదు.

చాలామంది పని చెడగొట్టుకునేది ఇక్కడే: తీసిన నేలను బోసిగా వదిలేస్తారు. ఎండ తగలగానే మట్టిలోని పాత గింజలన్నీ లేస్తాయి. ఆరోజే 10 సెంటీమీటర్ల మందాన ఎండుటాకులు పరిచి, మధ్యమధ్య వాక్కాయ మొక్కలు నాటు. ముళ్లూ పళ్లూ రెండూ ఉంటాయి కాబట్టి పిట్టలకు లాంటానా లోటు తెలియదు. వానాకాలమంతా రెండు వారాలకోసారి మొలకలు లాగెయ్యి. రెండు మూడేళ్లు ఇది తప్పదు.

సీతాకోకచిలుకలకు పూలొక్కటే చాలవు, వాటి గొంగళిపురుగు తినే ఆకూ కావాలి. ఓ మూల జిల్లేడు, ఇంకోచోట కరివేపాకు ఉండనీ. కరివేపాకు మీద పిట్టరెట్టలా నల్లగా, తెల్లమచ్చతో కనిపించేది పురుగే, పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. ఆకులు కొరికిందని మందు కొట్టావో, సీతాకోకచిలుకలూ రావు, ఆ పురుగుల్ని ఏరుకుతినే పిట్టలూ రావు.

నీళ్లకు వెడల్పాటి మట్టిమూకుడు పెట్టు. లోతు 5 సెంటీమీటర్లు దాటకుండా, నడుమ ఓ రాయి ఉంచి తేనెటీగలు మునగకుండా చూడు. రెండ్రోజులకోసారి పారబోసి, తోమి, కొత్తనీళ్లు పొయ్యి. నిలవుంటే దోమపిల్లలు పుడతాయి.

– మామయ్య